పచ్చదీపాల భూపేష్

కమలాపురం పుల్లయ్య కొడుకు భూపేష్ ఏం ఉద్యోగం చేస్తాడో ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాడూ లేడు. సాఫ్ట్‌వేర్ అని మాత్రం అందరూ అంటారు. ఆ మాట ఒకప్పటి ‘వ్యాపారం’ లాంటిది, ఏమీ చెప్పకుండానే అంతా చెప్పినట్టు ఉంటుంది. పిల్లనిచ్చిన మేనమామ ఒకసారి గట్టిగా పట్టుకుని అడిగితే భూపేష్ ఓపిగ్గా వివరించాడు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు కొందరుంటారు. ఆ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ప్రోగ్రాము ఒకటుంటుంది. అది తప్పులు సరిగ్గా పడుతోందా లేదా అని చూసే పనిముట్లు తాను తయారు చేస్తాడు.

మేనమామ తమలపాకు నములుతూ చాలాసేపు ఆలోచించాడు. "అంటే నువ్వు జేసే పనేమీ లేదన్నమాట అల్లుడా" అన్నాడు.

పుల్లయ్య మాత్రం దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. "పరీక్ష పెట్టేటోళ్ళకే పరీక్ష పెడతాడప్పా మావాడు" అని చీనీ తోటలో కూలీలకు చెప్పాడు, ఎరువుల అంగట్లో చెప్పాడు, పెండ్లి పందిట్లో ఆకు ముందు కూర్చుని పక్కాయనకు చెప్పాడు. ఆ మాట ఊరు దాటింది. ఒకరోజు ఎర్రగుంట్ల దిక్కునుంచి ఒకాయన కూతురి హాల్ టికెట్ పట్టుకుని కడపలో భూపేష్ ఇంటికే వచ్చాడు. ఇంటర్ ఫిజిక్స్ కొంచెం చూడమని అడిగాడు.

నాకూ ఆ పరీక్షలకూ సంబంధం లేదని భూపేష్ చెప్పాల్సింది. చెప్పలేదు. హాల్ టికెట్ నంబరును తీరిగ్గా చదివి, "చూద్దాంలే" అన్నాడు. ఆ పిల్ల తన కష్టంతో తాను పాసైంది. ఇంటికి మామిడిపండ్ల బుట్ట వచ్చింది.

"ఇవి యాడివి బావా?" అని భార్య తనూజ అడిగింది. మేనమామ కూతురే కాబట్టి పెండ్లయినా ఆ పిలుపు మారలేదు.

"ఎవరో అభిమానంతో ఇచ్చినారు" అన్నాడు భూపేష్, రెండో పండు కోసుకుంటూ.

భూపేష్ ఎట్లాంటివాడో తెలియడానికి ఆ బుట్ట చాలు. చెడ్డవాడు కాదు. జరిగిన మంచి తనవల్లే జరిగిందని ఎవరైనా అంటే కాదని చెప్పి వాళ్ళ మనసు కష్టపెట్టలేడు, అంతే.

ఇక అతని పని. తప్పులు పట్టే ఆ ప్రోగ్రాము పేరు నికష. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ దాన్ని తయారుచేసి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇస్తుంది. మామూలుగా అయితే, ప్రోగ్రాము రాసినవాడు తనకు తోచిన రెండు మూడు అంకెలు ఇచ్చి సరిచూసుకుని, బాగుందని పోయి పడుకుంటాడు. తనకు తోచనివి ఎట్లా ఇస్తాడు? నికష ఆ పని చేస్తుంది. ‘ఏ అంకె ఇచ్చినా ఇది ఇట్లాగే ఉండాలి’ అని ఒక నియమం చెప్తే చాలు. అదే వందలకొద్దీ అంకెలు పుట్టించి, పెద్దవీ చిన్నవీ ఎవరూ అనుకోనివీ ఒక్కొక్కటే ఇచ్చి చూస్తుంది. నియమం ఎక్కడ చెడిందో పట్టుకుని, చెడగొట్టిన అంకెను తరిగి తరిగి, ఇంతకన్నా చిన్నది లేదన్నంతవరకు తెచ్చి చేతికిస్తుంది.

మరి నికషకే జబ్బు చేస్తే? అందుకే భూపేష్. నికషకు కావాలనే అబద్ధపు నియమాలు చెప్పి చూడాలి. ‘ఏ అంకె అయినా సున్నా మాత్రం కాదు’ అని చెప్తే, అది సున్నాను వెతికి తెచ్చి ‘ఇదిగో, అబద్ధం’ అనాలి. ఇట్లాంటి అబద్ధాలు వందల్లో ఉంటాయి. ప్రతిదానికీ మొదటినుంచీ రాసుకోకుండా, పిలిస్తే పలికే చిన్న చిన్న పనిముట్లు కావాలి. వాటిని హెల్పర్లంటారు. అవన్నీ భూపేష్ రాసినవే. వాటిలో అతనికి ముద్దులది ‘మస్ట్‌ఫెయిల్’. దానికి ఒక అబద్ధం అప్పగిస్తే నికష ముందు పెడుతుంది. నికష పట్టుకుంటే పచ్చదీపం, పట్టుకోకపోతే ఎర్రదీపం.

కడపలో అద్దెకున్న మిద్దెపైన, ఏసీ గదిలో భూపేష్‌కు రెండు తెరలుండేవి. ఒకటి పని చేసుకోవడానికి. రెండోది ఆ దీపాలను చూసుకోవడానికి. ఏడాదికి పైగా ఆ తెరమీద ఒక్క ఎర్రదీపం వెలగలేదు. బెంగళూరులో అతని పైఅధికారి క్రాంతి కుమార్ ఆ తెరను మీటింగులో అందరికీ చూపించి, "ఇదీ నాణ్యత అంటే" అనేవాడు. చూడవచ్చిన బయటి కంపెనీలవాళ్ళు ఆ పచ్చదనాన్ని ఫోటోలు తీసుకునేవాళ్ళు. తనూజ కాఫీ పెట్టడానికి వచ్చినప్పుడు దానివంక చూసి, "మన తోట గూడా ఇంత పచ్చగా లేదు బావా" అనేది. ఆమె జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తుంది. ఏ క్లాసులోనైనా అందరికీ నూటికి నూరు వస్తే ముందు ప్రశ్నాపత్రాన్ని అనుమానించాలని ఆమెకు తెలుసు. కానీ మొగుడి ఉద్యోగం కదా అని ఊరకుంది.

అప్పుడు జీవిత అనే అమ్మాయి టీములో కొత్తగా చేరింది. కర్నూలు పిల్ల, బుధవారపేటలో ఇంటినుంచే పనిచేసేది. తెలివిగలదే కానీ ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియదని భూపేష్ మొదటి వారమే తీర్మానించాడు. రెండో వారం మీటింగులో, క్రాంతి కుమార్ పచ్చ తెర చూపిస్తుండగా, ఆమె గొంతు వినిపించింది.

"భూపేషన్నా, ఒకటి అడగాల."

"అడుగమ్మా."

"నికషను మనమే చెడగొట్టినామనుకోన్నా. సున్నాలే పుట్టకుండా చేసినామనుకో. అప్పుడు ఈ దీపాలు ఎర్రగా అయితాయా?"

"అయితాయి."

"చూసినారా?"

"చూసేదేముందమ్మా. రాసింది నేనే గదా."

"అందుకే అడుగుతాండా అన్నా."

భూపేష్ నవ్వాడు. మిగతావాళ్ళు కూడా నవ్వేదాకా ఆపని నవ్వు. "అన్నం ఉడికిందో లేదో చూడాలంటే మెతుకు పట్టుకోవాల గానీ, కుండ పగలగొట్టి చూడకూడదమ్మా" అన్నాడు. క్రాంతి కుమార్ ఈ మాటకు పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి మిగిలినవాళ్ళకు అది గొప్ప సామెత అయిపోయింది. బెంగళూరులో ఎవరో దాన్ని ఆఫీసు గోడమీద కూడా అంటించారు.

ఆ సాయంత్రం జీవిత ఒక ఫైలు పంపింది. ‘చెడగొట్టి చూసినాను. మీరొకసారి చూడండన్నా’ అని దానికింద రాసింది. భూపేష్ దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఫైలు తెరవలేదు. బొటనవేలు పెట్టిన పని అయిపోయినట్టే కదా.

ఎండాకాలం చివర్లో పుల్లయ్య తోటలో కొత్త బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. అంతకుముందు వేసినవన్నీ దుమ్ము కక్కాయి. దాంతో పుల్లయ్య శ్రీశైలం మల్లన్నకు మొక్కు తీర్చాలన్నాడు. తూఫాన్ బండి మాట్లాడాడు. భార్య రామలక్ష్మమ్మ, కొడుకు, కోడలు, తమ్ముడి కుటుంబం, అందరూ బయలుదేరాలి. తెల్లవారేసరికి చేరి, పాతాళగంగలో మునిగి, దర్శనం చేసుకుని, చీకటి పడేలోపు ఘాట్ దిగేయాలని ఆయన లెక్క. సామాను పెట్టుకోవడానికీ ముసలివాళ్ళు నడుము వాల్చడానికీ పగటిపూటకు ఒక గది ఉంటే చాలు.

"మనవాడు ఫోన్లోనే పట్టేస్తాడులే" అన్నాడు.

భూపేష్ పట్టేశాడు. యాత్రికులకు గదులిచ్చే ఒక సత్రం, పేరెందుకు, ఆ మధ్యే ఫోన్లో బుకింగు పెట్టింది. వచ్చే తేదీ అడిగింది, చెప్పాడు. పోయే తేదీ అడిగింది, అదే తేదీ చెప్పాడు. ‘రాత్రులు: సున్నా’ అని చూపించి, గది ఖాయమంది.

బండి నంద్యాల, ఆత్మకూరు దాటి దోర్నాల ఘాట్ ఎక్కేదాకా పుల్లయ్య తమ్ముడికి కొడుకు ఉద్యోగం గురించే చెప్పాడు. ఆ తమ్ముడు నిద్రపోతున్నా చెప్పాడు.

సత్రం కౌంటర్లో ఓబుళేశు అనే గుమాస్తా ఉన్నాడు. కంప్యూటరు చూసి, "గది మీదే సామీ. తాళంచెవి ఈడ ల్యాదు. ఊడ్చేటోళ్ళు తీసుకోని ఉంటారు. పైకి పోండి" అన్నాడు. సామాను మోసుకుని మెట్లెక్కారు. తలుపు తట్టారు. తలుపు తెరుచుకుంది. తడితల, నుదుట విభూతి, భుజాన తువ్వాలు, లోపల పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు.

"ఎవరప్పా మీరు?" అన్నాడాయన.

"మేమెవరమేంది, గది మాది. నువ్వెవరు?" అన్నాడు పుల్లయ్య.

"గది లోపల ఉండేది నేను. బయట ఉండేది మీరు. నువ్వెవరని అడగాల్సింది ఎవరో మీరే చెప్పండి."

ఆయన పేరు కేశవయ్య. డోన్‌లో ఇనుప సామాన్ల అంగడి. భార్య నాగేంద్రమ్మతో ముందురోజే వచ్చాడు, ఇంకో రాత్రి ఉండబోతున్నాడు. ఆయన ఫోన్లో అదే గది, ఆ తేదీ కూడా ఆయనదే. భూపేష్ ఫోన్లో ఆ గది, ఆ తేదీ భూపేష్‌వి. రామలక్ష్మమ్మ, నాగేంద్రమ్మ గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడి ఒకరి చీర ఒకరు చూసుకున్నారు. మగవాళ్ళు కౌంటరుకు దిగారు.

ఓబుళేశు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. "రెండూ కరెక్టే" అన్నాడు.

"గది ఒకటైనప్పుడు రెండూ ఎట్ల కరెక్టయితాయప్పా?" అన్నాడు కేశవయ్య.

"నాకేం తెలుసు సామీ. కంప్యూటర్ చెప్తాండాది."

గొడవ పెరిగేలోపు అతను హైదరాబాదుకు, ఆ బుకింగు తయారుచేసిన కంపెనీ మనిషికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. వరసలో ఉన్న యాత్రికులంతా మెడలు సాచారు. అవతలి గొంతు ఏమాత్రం తొణకలేదు.

"మా ప్రోగ్రాములో తప్పుండదండీ. నికష పెట్టి టెస్ట్ చేశాం. ఎన్ని రకాల బుకింగులుంటాయో అన్నీ అదే పుట్టించి చూస్తుంది. ఒక్క తప్పు కూడా దొరకలేదు."

నికష అన్న మాట వినగానే పుల్లయ్య మొహం వెలిగిపోయింది. భూపేష్ తండ్రి చేయి పట్టుకుని ఆపబోయాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"నికషనా? అది మావానిదే" అన్నాడు పుల్లయ్య, వరస చివరిదాకా వినపడేలా. కొడుకు భుజం తట్టాడు. "మావాడే దానికి పరీక్ష పెట్టేది. వీడు సరే అంటేనే అది బయటికొచ్చేది."

కేశవయ్య భూపేష్‌ను కాళ్ళనుంచి తలదాకా మెల్లగా చూశాడు. ఇనుప కడ్డీని తీసుకునేముందు వంకర ఉందేమోనని చూసే చూపు.

"అట్లనా నాయనా" అన్నాడు. "మరి నువ్వు పరీక్ష పెట్టినప్పుడు అది చూసి రాసిందేమో గమనించినావా?"

వరసలో ఎవరో నవ్వారు. ఫోనులో గొంతుకు మాత్రం ఉత్సాహం వచ్చింది. "సార్, మీరు నికష టీమా? భలే ఉంది సార్ మీ ప్రోడక్ట్. మేం వాడటం మొదలుపెట్టినప్పటినుంచి మాకు ఒక్క తప్పు కూడా చూపించలేదు."

పొగడ్త కూడా చెప్పుదెబ్బలా తగులుతుందని భూపేష్‌కు అప్పుడే తెలిసింది. ఫోను దగ్గరికి వంగి, "రాత్రులు సున్నా అయితే మీ ప్రోగ్రాము ఏం చేస్తుంది?" అని అడిగాడు.

"సున్నా రాత్రులు ఎవరుంటారు సార్? అలాంటిది కుదిరేదైతే నికషే ఇచ్చి చూసేది కదా."

భూపేష్‌కు విషయం అర్థమైంది. అతని కుటుంబం పొద్దున వచ్చి సాయంత్రం పోయేది, సున్నా రాత్రులు. వీళ్ళ బుకింగు ఆ గదిని ఒక్క రాత్రికూడా పట్టుకోలేదు కాబట్టి, కేశవయ్య రాత్రులకు అది అడ్డం రాదని ప్రోగ్రాము లెక్కవేసుకుంది. తప్పు చిన్నది, పసిపిల్లవాడు చేసే తప్పు. నికష ఒక్కసారి సున్నా ఇచ్చి చూసుంటే మొదటిరోజే బయటపడేది. నికష సున్నా ఎందుకు ఇవ్వలేదు? ఇవ్వకపోతే తన దీపం ఎర్రబడాలి కదా?

పేచీని రామలక్ష్మమ్మ, నాగేంద్రమ్మ తెంచేశారు. ఆడవాళ్ళు గదిలో, మగవాళ్ళు వరండాలో అని మగవాళ్ళను అడగకుండానే తీర్మానించారు. కాసేపటికి పులిహోర అటూ, ఉగ్గాని ఇటూ మారాయి. పుల్లయ్య, కేశవయ్య వరండాలో ఒకే చాపమీద కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా, బోర్ల గురించి మొదలుపెట్టి పైపుల్లోకి దిగారు. ఇద్దరికీ అందులో చాలా తెలుసు. దర్శనానికి వేళయిందని అందరూ లేచారు.

"మీరు పోండి. నేను వెనకాల వస్తా" అన్నాడు భూపేష్. చెప్పుల కుప్ప పక్కన గోడకానుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. తనూజ కదలలేదు.

"పదిమందిలో మామ ‘మావాడే’ అన్నప్పుడు నీ మొగం చూసినా బావా. ఏం చేసినావు?"

"నేనేమీ చేయలేదు."

"అదే అడుగుతాండా. చేయాల్సింది ఏమి చేయలేదు?"

అతను తెరవైపు తిరిగాడు. మస్ట్‌ఫెయిల్ తెరిచి, దాన్ని రాసిననాటినుంచీ మొదటిసారిగా, వేరేవాళ్ళు రాసినట్టు చదివాడు. నాలుగు వరసలు కూడా లేదు. ‘దీన్ని నడుపు. తప్పు వస్తే పచ్చదీపం వెలిగించు.’ ఏ తప్పు అని అందులో ఎక్కడా లేదు. నికష సున్నాను వెతికి తెచ్చి ‘అబద్ధం’ అన్నా తప్పే. అసలు పరీక్షే మధ్యలో కూలిపోయినా తప్పే. దానికి రెండూ ఒకటే. కాపలావాడు దొంగను పట్టుకుంటాడా లేదా అని చూడటానికి కూర్చుని, కాపలావాడు మెట్లమీద జారిపడిన చప్పుడుకే ‘ఆహా, దొరికాడు’ అని చీటీ రాసి ఇచ్చినట్టు.

జరిగింది అదే. అంతకుముందు ఎప్పుడో నికషను వేగంగా చేయాలని ఎవరో అంకెలు పుట్టించే భాగాన్ని తిరగరాశారు. ఆ తిరగరాతలో సున్నా జారిపోయింది. అదే రోజు ఒక పేరు కూడా మార్చారు. పాత పేరుతో పిలుస్తున్న పరీక్షలన్నీ మొదటి వరసలోనే ‘అట్లాంటిదేదీ లేదు’ అని కూలబడ్డాయి. కూలబడిన ప్రతిదానికీ మస్ట్‌ఫెయిల్ ఒక పచ్చదీపం వెలిగించింది. పరీక్షలు ఎంత త్వరగా చస్తే తెర అంత త్వరగా పచ్చబడేది. దీపాలు ఈమధ్య వేగంగా వెలుగుతున్నాయని భూపేష్ ఒక మీటింగులో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

తప్పు తెలిశాక అతను చేసిన మొదటి పని, ఆ వరసను ఎవరు రాశారో వెతకడం. మనిషి స్వభావం అది. కంప్యూటరుకు మొహమాటం లేదు. ప్రతి వరస పక్కనా అతని పేరే చూపించింది.

రెండో పనిగా ఆ వరసను మార్చాడు. ‘నికష తానుగా అబద్ధమని పట్టుకున్న తప్పయితేనే పచ్చ, మరేదైనా ఎరుపు’ అని రాసి నడిపించాడు. పైనుంచి మొదలై ఒక్కొక్క దీపమే ఎర్రబడుతూ వచ్చింది. కిందిదాకా వచ్చింది. మధ్యలో ఒకటి రెండు పచ్చగా మిగిలాయి గానీ అవి చూస్తే ఇంకా అవమానంగా ఉంది.

తనూజ తెరమీదికి వంగి చూసింది. నవ్వుతుందేమోనని అతను భయపడ్డాడు. ఆమె నవ్వలేదు. "ఇప్పుడు నిజంగా ఏందో పని చేస్తాండేటట్టు ఉండాది" అని, కొంగు తలమీదికి లాక్కుని దర్శనానికి పోయింది.

అతను కర్నూలుకు ఫోను చేశాడు.

"జీవితా, ఆ మస్ట్‌ఫెయిల్ విషయం. సున్నా..."

"పుట్టడం లేదు గదన్నా" అంది జీవిత. "నేను అప్పుడే చెడగొట్టి చూసిన్నా. ఎంత చెడగొట్టినా పచ్చగానే ఉండె. చెడగొట్టేదానికి ఏమీ మిగలలేదు గూడా. ఫైల్లో అంతా రాసిన్నా. మీరు బొటనవేలు పెట్టినారు."

"చూసే పనిలో ఉన్నానమ్మా."

"ఉంటారన్నా. మీరు బిజీ" అంది. ఆ ‘బిజీ’ అన్న మాట చాలాకాలం అతని చెవిలో ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో పుల్లయ్య ఆత్మకూరు దాకా నోరు తెరవలేదు. భూపేష్ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. నల్లమల దాటి బయలుభూములు వచ్చాక పెద్దాయన గొంతు విప్పాడు. "ఏమైనా, రెండు సంసారాలకు ఒక గది చూపించి సర్దడం మామూలు తెలివితో అయ్యే పని కాదప్పా" అన్నాడు. ఆయన నిజంగానే అట్లా నమ్మాడో, కొడుకును కాపాడుకున్నాడో ఎవరూ అడగలేదు. కేశవయ్య ఫోను నంబరు మాత్రం ఆయన జేబులో ఉంది. కొత్త బోరుకు పైపులు డోన్ నుంచే రాబోతున్నాయి.

సోమవారం మీటింగుకు భూపేష్ బాగా తయారయ్యాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తెరమీద చూపడానికి ‘క్షేత్ర పర్యటన: శ్రీశైలం’ అని శీర్షిక పెట్టి, కొండ ఫోటో ఒకటి అంటించాడు. ఎర్ర తెరను క్రాంతి కుమార్ పైనుంచి కిందిదాకా చూశాడు. "భూపేష్, గురువారం బయటివాళ్ళు చూడటానికొస్తున్నారు. ఈ ఎరుపు మరీ ఎర్రగా ఉంది. కాస్త నారింజ రంగు పెట్టలేమా? చూడటానికి ఆశాజనకంగా ఉంటుంది" అన్నాడు.

"పెట్టొచ్చు సార్" అన్నాడు భూపేష్ అలవాటుగా. తర్వాత తాను తెచ్చుకున్న కథ మొదలుపెట్టాడు. "విషయం ఏమిటంటే సార్, ఆఫీసులో కూర్చుంటే కొన్ని తప్పులు కనపడవు. వాడేవాళ్ళ మధ్యకు పోవాలి. మొన్న శ్రీశైలంలో ఒక సత్రంలో, యాత్రికుల మధ్య కూర్చుని గమనిస్తుంటే నాకు..."

"అన్నా" అంది జీవిత. "మీరు గమనించకముందు నేను పంపిన ఫైలొకటి ఉండాది. చూపియ్యనా?"

తెర తన చేతిలోనే ఉంది. ‘సమయం లేదమ్మా, తర్వాత’ అనొచ్చు. ‘నెట్ సరిగ్గా లేదు’ అనొచ్చు. కడపలో ఆ మాట ఎప్పుడన్నా అందరూ నమ్ముతారు. భూపేష్‌కు ఆ రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఎందుకో కేశవయ్య చూపు గుర్తొచ్చింది. "చూపియ్యి" అన్నాడు.

ఆమె చూపించింది. ఎత్తిపొడుపు లేదు, జాలీ లేదు. నికషను ఎన్ని విధాలుగా చెడగొట్టిందో, ప్రతిసారీ తెర ఎంత పచ్చగా ఉందో వరసగా చూపించుకుంటూ పోయింది. ఫైలు పంపిన తేదీ పైన ఉంది. దానిపక్కన బొటనవేలు కూడా ఉంది. ఆ తేదీని అందరూ చదివేదాకా ఆమె పేజీ కిందికి జరపలేదు. మంచిపిల్లే గానీ, అంత మంచిపిల్ల కాదు.

తర్వాత జరిగినవి వేగంగా జరిగాయి. హెల్పర్లన్నీ జీవిత చేతికి పోయాయి. నెల తిరిగేసరికి ఆమె భూపేష్‌కు పైఅధికారి అయింది. గోడమీద కుండ సామెతను ఎవరో చింపేశారు. క్రాంతి కుమార్ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. నికష కొత్త రూపం ‘మునుపటికన్నా సున్నితంగా’ తప్పులు పడుతోందని బయటి కంపెనీలకు ఉత్తరం రాశాడు. మునుపు ఏమాత్రం సున్నితంగా ఉండేదో ఎవరూ అడగలేదు. పైగా ఇద్దరు కొత్తగా కొనుక్కున్నారు.

భూపేష్‌కు కొత్త పని వచ్చింది. రోజుకొక విధంగా, ఎవరికీ చెప్పకుండా, నికషను చెడగొట్టాలి. సున్నా మాయం చేయాలి, ఖాళీ జాబితా రాకుండా చేయాలి, తరిగే చోట తరగకుండా ఆపాలి. అది జీవిత రాసిన హెల్పర్లకు దొరికిందా లేదా చూడాలి. మొదట్లో సిగ్గుపడ్డాడు. పదిరోజులు పోయాక ఆ పని అతనికి బ్రహ్మాండంగా వచ్చని తేలింది. నిర్మించడంలో చూపని నైపుణ్యం చెడగొట్టడంలో చూపాడు. ఏది ఎక్కడ అజాగ్రత్తగా రాసి ఉంటారో అతనికి కళ్ళు మూసుకున్నా తెలిసిపోయేది. ఒకసారి జీవితే, "ఇంత కంతిరీ ఆలోచన ఎట్ల వచ్చిందన్నా మీకు?" అంది. ఏడాది మొత్తంలో అతను నిజంగా సంపాదించుకున్న పొగడ్త అదొక్కటే. ఆ రోజు తనూజతో చెప్పుకోవాలనుకున్నాడు గానీ ఎట్లా చెప్పాలో తెలియక చెప్పలేదు.

ఆ కార్తీకంలో రామలక్ష్మమ్మ, నాగేంద్రమ్మ కలిసి మళ్ళీ శ్రీశైలం పోయారు. ఇప్పుడు ఇద్దరూ వారానికొకసారి ఫోన్లో మాట్లాడుకుంటారు. తిరిగొచ్చాక అమ్మ ఫోను చేసింది.

"ఆ సత్రంలో బోర్డు పెట్టినారురా. పగటిపూట గదులియ్యరంట. ఓబుళేశునడిగితే, మీవాడు వచ్చిపోయినాకనే తీసేసినారమ్మా అన్నాడు."

"ఎందుకు తీసేయడం? నికష బాగైంది గదా. ఆ తప్పు ఇప్పుడు దొరుకుతుంది."

"నాకేం తెలుసు నాయనా. ఆత్మకూరు దిక్కునుంచి బస్సులో వచ్చిన ముసలోళ్ళు శానామంది మూటలు పెట్టుకోని రేకుల కింద కూర్చోనుండారు. ఎండకు. దర్శనం చేసుకోని సాయంత్రం బస్సుకు పోయేటోళ్ళు. రాత్రికి బుక్ చేసుకోండంటే వాళ్ళు యాడ చేసుకుంటారు?"

భూపేష్ హైదరాబాదు కంపెనీ మనిషికి ఫోను చేశాడు. సున్నా రాత్రుల బసను సరిచేయడం ఐదు నిమిషాల పని అని, ఎట్లా చేయాలో తాను చెప్తానని అన్నాడు.

"అక్కర్లేదు సార్" అన్నాడు ఆ మనిషి సంతోషంగా. "కొత్త నికష పెట్టగానే సున్నా దగ్గర ఒకటే గోల. అందుకే ఆ ఆప్షనే తీసేశాం. ఇప్పుడు సున్నా రానే రాదు."

"మరి పగటికి వచ్చేవాళ్ళు?"

"రాత్రికి బుక్ చేసుకుంటారు సార్. పగలుండి పోతే వద్దంటామా?"

భూపేష్ ఇంకోసారి మొదటినుంచీ చెప్పడానికి ప్రయత్నించాడు. అవతలాయన ఓపిగ్గా విని, సత్రంవాళ్ళతో మాట్లాడి చూస్తానని, ‘చూద్దాంలెండి’ అని పెట్టేశాడు. ఆ గొంతు భూపేష్‌కు బాగా పరిచయమైన గొంతులా వినిపించింది.

భూపేష్ అమ్మకు ఫోను చేసి ఓబుళేశు నంబరు కనుక్కున్నాడు. ఓబుళేశుకు చేశాడు, సత్రం నడిపే ట్రస్టు పెద్దమనిషి నంబరడిగాడు. ఆయన ఊళ్ళో లేడన్నారు. మర్నాడు చేశాడు, పూజలో ఉన్నాడన్నారు. ఆ మర్నాడు కూడా చేశాడు.

"ఎవరికి బావా రోజూ ఫోను?" అని తనూజ అడిగింది.

"పూజ అయిపోయిందేమో కనుక్కుంటాండా" అన్నాడు, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని.